ప్రమాదం గడి ఖాళీగా ఉండకూడదు

మా అమ్మాయి పెద్దవాళ్ళ బతుకును కాగితం మీద రాసిపెట్టే ఉద్యోగంలో చేరింది. వెటకారానికి అనడం లేదు, నిజంగానే ఆ పనికి జీతమిస్తారు. వాళ్ళ వృద్ధుల హోములో ఉండేవాళ్ళు మంచాన పడ్డవాళ్ళు కారు. తిరుగుతారు, తింటారు, టీవీ రిమోటు కోసం పోట్లాడుకుంటారు. స్నానానికో, మందులకో, చొక్కా గుండీలకో కాస్త సాయం కావాలి, అంతే. ఎవరికి ఏ సాయం కావాలి, ఎవరు చెయ్యాలి అన్నది మనిషికొక సేవా ప్రణాళికగా రాయాలి. దాన్ని అక్కడ అందరూ ప్లాను అంటారు. ఎవరి కాలికి వాళ్ళ చెప్పు కొలిచినట్టు ఎవరి ప్లాను వాళ్ళకే సరిపోవాలని మేనేజరు గారు చెబుతారట. చెప్పేటప్పుడు తన బూట్లు చూసుకుని మురుస్తారట కూడా.

ఉద్యోగం వచ్చిందని ఫోను పెట్టీ పెట్టకముందే నేను అడిగిన మొదటి మాట, అక్కడ ఎవరైనా పోతే నీ మీదికి వస్తుందా అని. మా ఆయన పేపరు దించి, దాన్ని ముందు సంతోషపడనివ్వవే అన్నారు. నేను చదివింది పదో తరగతే. కానీ సంతకం ఎవరిదైతే గొడవ వాళ్ళ మెడకే చుట్టుకుంటుందని తెలియడానికి ఆ చదువు ఎక్కువే.

ప్లానులో వరసగా గడులుంటాయి. అవసరం, ప్రమాదం, చర్య, ఎవరు చేస్తారు. అదంతా ఆ పెద్దాయనో పెద్దావిడో తన నోటితో చెప్పినట్టే రాయాలి. ‘నాకు పొద్దున్నే లేవడం ఇష్టం’, ‘నాకు స్నానానికి తోడు కావాలి’ అని. మనిషి గొంతు వినిపించాలని మేనేజరు గారు కొత్తవాళ్ళకి రెండు పూటలా పాఠం చెప్పారు. ఆ గొంతు వెళ్ళి వినడానికి మాత్రం ఎవరికీ తీరిక ఇవ్వలేదు. అన్ని ప్లానులూ రాబోయే తనిఖీలోగా పూర్తి కావాలి.

మా అమ్మాయి మిగతా గడులు చకచకా నింపేది. ప్రమాదం దగ్గరే ఆగిపోయేది. దానికి పుట్టుకతోనే భయం లేదు. నా కడుపున ఎలా పుట్టిందో తెలియదు. స్కూటరు మీద వెళుతూ నాతో ఫోనులో మాట్లాడే రకం. అందుకని అది మొదట రాసిన ప్లానులలో ఆ గడి ఖాళీగా వదిలేసింది. మేనేజరు గారు మొత్తం వెనక్కి పంపి, ప్రమాదం లేని మనిషి అసలు మన దగ్గరికి ఎందుకొస్తాడమ్మా, ప్రమాదం గడి ఖాళీగా ఉండకూడదు అన్నారట.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర పెన్ను కొరుకుతూ కూర్చుంది. ఒకావిడ కిటికీ పక్కన కూర్చుని రేడియో వింటుందట. ఇందులో ప్రమాదమేమిటమ్మా అని అడిగింది.

నన్ను ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు. నేను అడగకుండానే చెబుతుంటాను, వీళ్ళు చెవిన వేసుకోరు. ఆ రోజు మాత్రం అది పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. కిటికీలోంచి ఈదురుగాలి వస్తుంది, జలుబు చేస్తుంది, అది ఛాతీకి దిగుతుంది అన్నాను. రేడియో తీగ కాళ్ళకి అడ్డం పడుతుంది. ప్లగ్గు తడి చేత్తో పెడుతుంది. పాట బాగుందని కునుకు తీస్తుంది, కుర్చీలోంచి పక్కకి ఒరుగుతుంది, ఒరిగితే కిటికీ గడియ కణతకి తగులుతుంది. రేడియోలో ఏదైనా చెడ్డ వార్త వస్తే గుండె పట్టుకుంటుంది. అది రాస్తూనే ఉంది. గడి చాలక పక్కనున్న ఖాళీలోకి కూడా వెళ్ళింది.

మర్నాడు మేనేజరు గారు ఆ ప్లానును అందరి ముందూ ఎత్తి చూపించి, పరిశీలన అంటే ఇదీ అన్నారట. మా ఆయన అది విని, ఇన్నేళ్ళకి నీ భయానికి గిరాకీ దొరికిందే అన్నారు. నాకు ఒళ్ళు మండిందిగానీ లోపల కాస్త గర్వంగానూ ఉంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మా ఇంట్లో అదే పని. అది మనిషి సంగతి చెబుతుంది, నేను ఆ మనిషికి రాగలిగిన కీడు చెబుతాను. అల్లికలు అల్లే ఒకావిడ దగ్గర కత్తెర తీసుకుని పిల్లల కాగితం కత్తెర ఇచ్చారు. దాంతో దారం తెగక ఆవిడ పంటితో కొరకడం మొదలుపెట్టింది. తర్వాతి ప్లానులో పళ్ళు కదిలే ప్రమాదం చేర్చాం. టీ తాగే ఆయనకి టీ చల్లార్చి ఇవ్వసాగారు, ఆయన దాన్ని మొక్కకి పోయసాగాడు. మొక్క చచ్చిపోయింది. చదరంగం ఆడే పెద్దాయన బంటు మింగే ప్రమాదం ఉందన్నది మాత్రం నా మాట కాదు, మా అమ్మాయి సొంతంగా రాసింది. పిల్లలు ఇంట్లో ఏది చూస్తే అదే నేర్చుకుంటారు.

ఇక ఆ పెద్దవాళ్ళ పిల్లల సంగతి చెప్పాలి. కన్నవాళ్ళని చూసిపోవడానికి కాళ్ళు రానివాళ్ళు, వంటగది తలుపుకి తాళం వెయ్యడానికి ఒప్పుకోలు కాగితం పంపితే మాత్రం అదే పూట సంతకం చేసి పంపారు. మా అమ్మను మాకంటే బాగా చూసుకుంటున్నారని ఒక కొడుకు పొగడ్త కూడా రాశాడు. అందులో అబద్ధమేమీ లేదు. మేనేజరు గారు ఆ మాటని ఫ్రేము కట్టించి గేటు పక్కన తగిలించారు. దాని కింద ‘ఇది మీ ఇల్లే’ అని రాసి ఉంటుంది. నీళ్ళు కాచుకోవాలంటే అనుమతి అడగాల్సిన ఇల్లు.

ఇలా ఉండగా లైన్‌మన్ గారి వంతు వచ్చింది.

ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్తంభాలెక్కి దిగీ దిగీ ఆయన పిక్కలు ఇంకా రాళ్ళలాగే ఉంటాయని మా అమ్మాయి చెప్పింది. భార్య పోయింది, పిల్లలు లేరు, మేనల్లుడు ఒకడు ఫోనులో మాత్రం ఉంటాడు. ఆయన ఎవరితోనూ పెట్టుకోడు. పొద్దున్నే తన బట్టలు తను ఉతుక్కుని, బకెట్టు పట్టుకుని మెట్లెక్కి మేడ మీద ఆరేసుకుంటాడు. ఎండ తగ్గాక మళ్ళీ ఎక్కి తెచ్చుకుంటాడు. ఆ హోములో ఆయన కోరేది అదొక్కటే. అవసరం గడిలో మా అమ్మాయి ‘నాకు మేడ మీద బట్టలు ఆరేసుకోవడం ఇష్టం’ అని రాసి, పక్క గడి కోసం నా వైపు చూసింది.

మెట్లు. తడి బట్టలు. నీళ్ళు కారతాయి, కారినచోట కాలు జారుతుంది. ఒక చేతిలో బకెట్టు, ఇంక పట్టుకోవడానికి ఉన్నది ఒకే చెయ్యి. పైన ఎండ, వంగి లేస్తే కళ్ళు తిరుగుతాయి. పిట్టగోడ నడుం దాకానైనా ఉంటుందో ఉండదో. గాలికి దుప్పటి మొహానికి చుట్టుకుంటుంది. ఒక్కడే ఉంటాడు, అరిచినా కింద టీవీ మోతలో ఎవరికీ వినపడదు. ఇది రాయకపోతే నిన్ను జైల్లో పెడతారే అన్నాను. అది రాసింది. ఆ వారంలోనే మేడ తలుపుకి తాళం పడింది.

బట్టలన్నీ వాషింగ్ మిషనుకి వెయ్యమన్నారు. లైన్‌మన్ గారు ఒకసారి వేశాడు. ఆయన తెల్ల బనియన్లు ఎవరివో ఎర్ర సాక్సుల పుణ్యమా అని గులాబీ రంగులో తిరిగొచ్చాయి, డ్రాయరు ఇంకొకరిది వచ్చింది. ఆయన మర్నాటి నుంచి గదిలోనే ఉతుక్కుని కర్టెను కడ్డీకి ఆరేశాడు. నేల తడిసింది. నేను చెప్పలేదూ అని నేను. గదిలో బట్టలు ఆరెయ్యకూడదని ప్లానులో చేర్చారు. అప్పుడాయన ఉతకడమే మానేశాడు. ఒకే చొక్కా తొడుక్కుని భోజనానికి రాసాగాడు. పక్కవాళ్ళు కుర్చీలు జరుపుకోవడం మొదలుపెట్టారు. చివరికి ఆయన బల్ల దగ్గర ఆయన ఒక్కడే మిగిలాడు. మా అమ్మాయి ఈ ముక్క చెప్పి, ఆ రోజు ఇంకెవరి గురించీ నన్ను అడగలేదు.

ఆయన ప్లాను మీద సంతకం కూడా పెట్టలేదు. కాగితం ఇస్తే చదివి, మడిచి, తిరిగి ఇచ్చేస్తాడు. తనిఖీకి ఆ ఒక్క సంతకమే తక్కువ. మేనేజరు గారు సమావేశం పెట్టారు. సమావేశంలో మనిషి తరఫున బంధువు ఒకరు ఉండాలి. మేనల్లుడికి ఫోను చేస్తే, మీరేం రాస్తే అదే రైటు అని పెట్టేశాడు. బంధువు రాకపోతే బయటి మనిషి ఎవరైనా సాక్షిగా కూర్చోవచ్చట. నువ్వు రా అమ్మా అంది మా అమ్మాయి. ఆయన కోపంలో ఏదైనా విసిరితే అన్నాను. విసరడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్చలేదుగా మనం అంది.

ఆ గది చల్లగా, కిటికీ లేకుండా ఉంది. గుండ్రటి బల్ల, దాని మీద ప్లాస్టిక్ పూలు. మేనేజరు గారు నన్ను చూసి చేతులు జోడించి, మీ అమ్మాయి మాకు వరమండీ అన్నారు. లైన్‌మన్ గారు ఎదురుగా కూర్చున్నాడు. పొట్టిగా, గట్టిగా, నల్లగా ఉన్నాడు. ఒంటి మీద ఆ చొక్కాయే. నేను కుర్చీ జరుపుకోలేదు గానీ ఊపిరి కాస్త తక్కువగా తీసుకున్నాను. హోములో పనిచేసే ఆయమ్మ నీళ్ళ గ్లాసులు తెచ్చి తలుపు దగ్గర నిలబడింది.

మేనేజరు గారు గొంతు సవరించుకుని, గొంతులో తేనె పోసుకున్నట్టు చదవసాగారు.

“‘మెట్లు ఎక్కేటప్పుడు జారిపడతానేమోనని నాకు ఆందోళనగా ఉంటుంది. తడి బకెట్టు నాకు బరువు. ఎత్తు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. అందుకని మేడ మీదికి వెళ్ళకుండా ఉండడమే నాకు ఇష్టం.’”

లైన్‌మన్ గారు శ్రద్ధగా విన్నాడు. “ఎవరండీ ఈయన? పాపం, బాగా భయస్తుడిలా ఉన్నాడే.”

“మీరేనండీ,” అన్నారు మేనేజరు గారు.

“నేనా? మరి నాతో ఒక్క మాట చెప్పలేదే.”

ఆయమ్మ దగ్గినట్టు నటించింది. మేనేజరు గారు ఇది కేవలం మీ మనసులోని మాటకి ఒక రూపం ఇవ్వడమేనని ఏదో చెప్పబోయారు. లైన్‌మన్ గారు ఆయన్ని వదిలేసి మా అమ్మాయి వైపు తిరిగాడు.

“తల్లీ, నువ్వు నా గదికి రెండుసార్లు వచ్చావు, నవ్వుతూ మాట్లాడావు. నీ మొహంలో నాకు ఇంత భయం కనపడలేదు. ఎక్కణ్ణించి పట్టుకొచ్చావు దీన్ని?”

మా అమ్మాయి నా వైపు చూసింది. “ఇంటి దగ్గర్నించండీ. మా అమ్మది.”

కన్నకూతురు నలుగురిలో అలా నన్ను పట్టిస్తుందని, ఊహించని కీడంటూ లేని నాకు కూడా తట్టలేదు.

“ఏమ్మా, నన్ను ఇంతకుముందు చూశారా మీరు?” అన్నాడాయన.

“లేదండీ.”

“మెట్లు?”

“అవీ చూడలేదు.”

“మరి ఇదంతా?”

“చూసి ఉంటే కొంచెం తగ్గేదేమో అన్నయ్యగారూ. చూడలేదు కాబట్టే అంత వచ్చింది.”

ఆయన నవ్వలేదు. కానీ కోప్పడనూ లేదు. నాకు ధైర్యం వచ్చి నా గోడు చెప్పుకున్నాను. మీరు పడితే మీకు దెబ్బ తగులుతుంది, కట్టు కడతారు, తగ్గుతుందో తగ్గదో. కానీ కాగితం మీద సంతకం మా అమ్మాయిది. దాని ఉద్యోగం పోతుంది, పేపర్లో పడుతుంది, దానికింకా పెళ్ళి కాలేదు. ఒక్కగానొక్క పిల్ల. మీరు బట్టలు ఎక్కడ ఆరేసుకుంటే ఏం, గుడ్డలే కదా అన్నాను.

“గుడ్డలే,” అన్నాడాయన. “గుడ్డల కోసం నేనెందుకు ఎక్కుతానమ్మా. కింద నేనెక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు వచ్చి, ఎలా ఉన్నారు, తిన్నారా, బాత్‌రూముకి వెళ్ళారా అని అడిగి రాసుకుని పోతారు. నిద్రపోతే నిద్రపోయాడని రాస్తారు. పైన ఎవరూ రాసుకోరు. ఆ బట్టలు ఆరేసినంత సేపూ నన్ను ఎవరూ చూడరు. నాకు అది కావాలి.”

పెన్ను చప్పుడు వినిపిస్తోంది. మేనేజరు గారు దాన్ని కూడా రాసుకుంటున్నారు. అవసరం గడిలో ‘నాకు ఏకాంతం కావాలి’ అని పెద్ద అక్షరాలతో రాసి, తృప్తిగా తలెత్తి, పక్క గడి మీద పెన్ను ఆనించారు.

“మరి ఏకాంతంలో ప్రమాదం ఏముంటుందంటారు?” అని నా వైపు చూశారు.

నా దగ్గర లేకనా. ఒంటరిగా ఉంటే మనిషి దిగులు పడతాడు, దిగులు పడ్డవాడు పిట్టగోడ వైపు నడుస్తాడు. నాలుక చివరికి వచ్చేసింది. లైన్‌మన్ గారు నా మొహం చూస్తున్నాడు. అది నేనెప్పుడూ చూడని చూపేమీ కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు నేను చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే విడిపించుకోవడానికి ముందు అలాగే చూసేది.

“ఏమీ తట్టడం లేదండీ,” అన్నాను.

మా అమ్మాయి పెన్ను కింద పడేసుకుంది. మేనేజరు గారు ఎండిపోయిన బావిని చూసినట్టు నన్ను చూశారు. గడి ఖాళీగా వదిలితే తనిఖీవాళ్ళు ఒప్పుకోరని నసిగి, చివరికి ఒక దారి చెప్పారు. మేడ తాళం తీస్తాం, కానీ ఎవరో ఒకరు ఆయన వెనకే మెట్లెక్కాలి. ఆయమ్మ ఎక్కుతుంది అన్నారు.

ఆయమ్మ అప్పటిదాకా నోట్లో నాలుక లేనట్టు నిలబడింది. ఇప్పుడు ఖాళీ ట్రేని చంకలో పెట్టుకుంది.

“సార్, ఈ రెండు నెలల్నించీ అందరి వెనకా నన్నే నడవమని రాశారు. రేడియో దగ్గర నేనే, టీ చల్లార్చేది నేనే, చదరంగం బంట్లు లెక్కపెట్టేదీ నేనే. అల్లికలావిడ పళ్ళు కూడా నేనే చూసుకోవాలట. ఇక నా వెనక ఎవరు నడవాలో అది కూడా రాసి పెట్టండి.”

అని నా వైపు ఒక్క చూపు చూసి ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. దణ్ణం పెట్టాలో తల దించుకోవాలో తెలియలేదు నాకు.

మనుషులు లేరు కాబట్టి తాళం అలాగే ఉంటుందని మేనేజరు గారు కాగితాలు సర్దుకోసాగారు. లైన్‌మన్ గారు చేతులు బల్ల మీద పెట్టి లేవబోయాడు. ఆయన ఇక సంతకం పెట్టడు, చొక్కా మార్చడు. ఆ బల్ల దగ్గర ఒక్కడే తింటాడు. ఏదో ఒక పూట తాళం పగలగొట్టుకుని ఒంటరిగా ఎక్కుతాడు, జారతాడు, ప్లాను కింద మా అమ్మాయి పేరు ఉంటుంది. నా కళ్ళ ముందు అది జరిగిపోయింది కూడా.

“నేను ఎక్కుతాను,” అన్నాను.

“నువ్వా?” అంది మా అమ్మాయి.

“మా ఇంటి నుంచి బస్సులో ఎంతసేపు. పొద్దున వచ్చి ఆయన వెనక ఎక్కుతాను. పడితే పట్టుకుంటాను.”

“పట్టుకుంటే ఇద్దరం పడతాం చెల్లెమ్మా,” అన్నాడు లైన్‌మన్ గారు. కానీ లేవడం ఆపాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. హోముల సంగతి నాకేం తెలుసు. బయటి మనిషి వచ్చి సేవ చేస్తే ఆ మనిషికీ ఒక కాగితం ఉండాలట, అందులోనూ ప్రమాదం గడి ఉంటుందట. మేనేజరు గారు రాయమన్నారు. మా అమ్మాయి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తల వంచుకుని గబగబా రాసింది. అది ఏ ప్లానునూ అంత వేగంగా రాసి ఉండదు. రాసి, చదివింది.

“‘నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. నాకు కళ్ళు తిరుగుతాయి, ఎవరైనా పని చెప్పినప్పుడు మరీ ఎక్కువ. ఇరుక్కుపోతానని నేను లిఫ్టు ఎక్కను. పడతానని మెట్లెక్కను. దొంగలొస్తారని కింద ఉండలేను. గాలి వస్తే తలుపు వేస్తాను, గాలి రాకపోతే ఊపిరాడదు. అందుకని ఈ పని నాకు తగదు.’”

“ఎవరే ఈవిడ?” అన్నాను. నా గొంతు నాకే వింతగా వినపడింది. “మూడో అంతస్తులో కాపురం ఉంటూ నిన్ను చంకన వేసుకుని, ఇంకో చేత్తో గ్యాసు బండ ఈడ్చుకుంటూ మెట్లెక్కినదాన్ని నేను.”

“ఇవన్నీ నువ్వు చెప్పినవే కదమ్మా. ఒక్కటి కూడా నేను కల్పించలేదు.”

అది నిజం. అందుకే ఇంకా మండింది. లైన్‌మన్ గారు మొదటిసారి నవ్వాడు, పైకి వినపడకుండా, భుజాలతో.

మేనేజరు గారు తల పట్టుకున్నారు. ఈవిడకి ఇన్ని ప్రమాదాలుంటే ఈవిడ వెనక కూడా ఒకరు నడవాలి కదా అన్నారు.

“ఆవిడ వెనక నేను నడుస్తాను,” అన్నాడు లైన్‌మన్ గారు. “రాసుకోండి.”

మేనేజరు గారి మొహం వెలిగిపోయింది. మా దగ్గర ఉండేవాళ్ళే తోటివారికి సాయం చేస్తారని తనిఖీవాళ్ళకి చూపించుకోవచ్చు, ఇంతకంటే ఏం కావాలి. లైన్‌మన్ గారి ప్లానులో ఎవరు చేస్తారు అన్నచోట, ఆయన వెనక నేను నడుస్తానని రాశారు. నా కాగితంలో అదేచోట, నా వెనక ఆయన నడుస్తాడని రాశారు. రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. మా అమ్మాయి ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసి నోరు తెరిచింది. నేను బల్ల కింద దాని కాలు తొక్కాను.

ఇక ప్రమాదం గడి మిగిలింది. ఆ భయస్తుడి మాటలన్నీ కొట్టెయ్యమ్మా, నేను చెప్పేది రాయి అన్నాడు లైన్‌మన్ గారు. “‘నేను పడొచ్చు. తెలిసే ఎక్కుతున్నాను.’”

మేనేజరు గారు ఆలోచించారు. పడొచ్చు అని ఉంది కాబట్టి గడి ఖాళీగా లేదు. ఎటు తిప్పి చూసినా నిబంధనకి అడ్డం రావడం లేదు. సరే అన్నారు. లైన్‌మన్ గారు పెన్ను తీసుకుని నిదానంగా, పూర్తి పేరు సంతకం పెట్టాడు. ఆ పెన్ను నా వైపు తోశాడు. మా అమ్మాయి నా కాగితంలో మోకాళ్ళూ కళ్ళు తిరగడాలూ గీతలు కొట్టి అవే రెండు ముక్కలు రాసింది. మొదటి ముక్క నాకు కంఠతా వచ్చు. పుట్టిన దగ్గర్నించీ అందరి గురించీ అదే అంటున్నాను. రెండోది ఎప్పుడూ నా నోట రాలేదు. సంతకం నాది కాదేమో అన్నట్టు పడింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆయన అప్పటికే అన్నీ ఉతికి పిండి బకెట్టులో పెట్టుకుని మెట్ల కింద నిలబడి ఉన్నాడు. స్నానం చేసి, శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు, బనియను అంచు మాత్రం మెడ దగ్గర గులాబీ రంగులో కనిపిస్తోంది. మేనేజరు గారు మొదటి మెట్టు దాకా వచ్చారు, ఫోటోకి. ఇద్దరూ కాస్త నవ్వండి అన్నారు. లైన్‌మన్ గారు బకెట్టును మేనేజరు గారి బూట్ల పక్కన, నీళ్ళు చిందేటట్టు ఒకసారి దించి మళ్ళీ ఎత్తాడు. ఆయన ఫోటో తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

ఎవరు ముందు, ఎవరు వెనక అని నేను అడిగాను. రెండు కాగితాలనూ ఒప్పించాలంటే గుండ్రంగా తిరగాలి, మీరు ముందు నడవండి అన్నాడాయన. నేను నడవనన్నాను. నా కంటికి కనపడకుండా వెనకాల మనిషి పడితే నాకు తెలియదు. చివరికి ఆయనే ముందు ఎక్కాడు. బకెట్టు నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. నేను గోడ పట్టుకుని ఒక్కో చుక్కనూ చీర చెంగుతో తుడుచుకుంటూ ఎక్కాను. మెల్లిగా, మెల్లిగా అంటూ ఉన్నాను. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు. ఆయన మలుపు దగ్గర ఆగి, నా కోసం ఎదురు చూశాడు. రెండు మలుపులకి నాకు ఆయాసం వచ్చింది, ఆయనకి రాలేదు.

తలుపు తీయగానే వెలుతురు మొహాన కొట్టింది. పిట్టగోడ నేను భయపడినంత పొట్టిగా లేదు, భయపడకుండా ఉండేంత ఎత్తుగానూ లేదు. తీగలు ఆ చివరి నుంచి ఈ చివరికి కట్టి ఉన్నాయి. ఆయన బకెట్టు దించి నా వైపు తిరిగాడు.

“ఇక్కడిదాకా వాళ్ళ ప్లాను చెల్లెమ్మా. మీరు తలుపు దగ్గర, అటు తిరిగి నిలబడండి.”

“మిమ్మల్ని చూడకుండానా?”

“అవును.”

నేను అటు తిరిగాను. ఎదురుగా తలుపు, తుప్పు పట్టిన గొళ్ళెం. వెనక తడి గుడ్డ విదిలించిన చప్పుడు. ఇంకోటి. తర్వాత గాలి. తర్వాత ఏమీ లేదు. నా వీపు మొత్తం చెవి అయిపోయింది.

“ఉన్నారా అన్నయ్యగారూ?”

“ఉన్నాను.”

కాసేపాగాను. తీగ కిర్రుమంది. తీగ తెగితే మెడకి చుట్టుకుంటుంది.

“ఉన్నారా?”

“ఉన్నానమ్మా.”

మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి ఎక్కువసేపు. కింద ఎక్కడో ఏదో దబ్బున పడింది. మూడోసారి పిలిచాను. జవాబు రాలేదు. మా అమ్మాయి, పోలీసులు, పేపరు, అన్నీ ఒక్కసారే కనిపించాయి. గిరుక్కున తిరిగాను.

ఆయన రెండు చేతులూ పైకెత్తి దుప్పటి తీగ మీద పరుస్తున్నాడు. పళ్ళ మధ్య రెండు క్లిప్పులున్నాయి. మాట్లాడ్డానికి నోరు ఖాళీ లేదు. నన్ను చూసి, కోపంగా కాదుగానీ, గడ్డంతో తలుపు వైపు చూపించాడు.

నేను మళ్ళీ తలుపు వైపు తిరిగాను. ఆ తర్వాత పిలవలేదు. పిలవకుండా నిలబడడం మెట్లెక్కడం కంటే నాకు ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. గొళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, వెనక ఎవరూ లేనట్టే నిలబడ్డాను. ఆయన తన బట్టలన్నీ, తొందర లేకుండా, ఒకటి తర్వాత ఒకటి ఆరేసుకున్నాడు.